పుల్ల గుచ్చని నిమ్మచెట్టు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే సంగతి కాదు. ఎవరి చెవినైనా పడిందంటే, ఇంకా బాగా ఎలా చెప్పాలో నాకు నేర్పడానికి వచ్చేస్తారు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, అడక్కుండా వచ్చిపడే సలహా అంతటి వరం లోకంలో ఇంకోటి లేదు. మిగతా వరాలకి తపస్సు చేయాలి. దీనికి తలుపు తీస్తే చాలు. ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

మా వీధిలో మొక్కల మిత్రమండలి ఉంది. నెత్తిన ఆకుపచ్చ టోపీలు, మెడలో కార్డులు. ఆదివారం పొద్దున్నే మేడలెక్కి మొక్కల జ్ఞానం ఉచితంగా పంచుతారు. వద్దన్నా పంచుతారు, అదీ వాళ్ళ గొప్ప! పెద్ద దిక్కు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన వెనక మందుల షాపాయన, జిమ్ము కోచ్.

వాళ్ళ పద్ధతి పరమ శాస్త్రీయం. ఐస్‌క్రీమ్ పుల్ల మీద సలహా రాసి మట్టిలో గుచ్చుతారు. ఒకరు గుచ్చిన పుల్ల ఇంకొకరు పీకకూడదు. పీకితే జ్ఞానాన్ని అవమానించినట్టట.

ఇక మా తోడికోడలి సంగతికి వస్తాను. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసి, ఊరి పిల్లలందరికీ స్నానాలు పోసిన మనిషి. ఉద్యోగం అయిపోయాక మేడ మీద పాత ప్లాస్టిక్ డ్రమ్ములో ఓ నిమ్మగింజ పాతింది. ఆరేళ్ళు పెంచింది. ఈ ఏడు మొదటిసారి పూసి, ఏడు పిందెలు వేసింది. రోజూ పొద్దున్నే వాటిని లెక్కపెట్టుకుని వస్తేగానీ కాఫీ గొంతు దిగేది కాదు.

అప్పుడు మండలి మేడెక్కింది.

"లెక్క ప్రకారం రోజుకి లీటరున్నర నీళ్ళు" అని మాస్టారు ఒక పుల్ల గుచ్చారు.

"డోసు ఎక్కువైపోతుంది మాస్టారూ. వారానికోసారి చాలు" అని మందుల షాపాయన ఇంకోటి గుచ్చాడు.

"సుఖంగా పెరిగితే కండ రాదు ఆంటీ. కాస్త కష్టపెట్టండి" అని కోచ్ మూడోది గుచ్చి, తనే డ్రమ్మును ఎండలోకి లాగేశాడు. మర్నాడు మాస్టారొచ్చి నీడలోకి లాగారు. ఆ నిమ్మమొక్క చేసినంత ప్రయాణం నా జన్మలో నేను చేయలేదు!

నెల తిరిగేసరికి పుల్లలు ఇరవై మూడు, పిందెలు రెండు.

దీన్ని నష్టం అనేవాళ్ళకి ఏం తెలుసు? ఏడు కాయలుంటే ఎవరికివ్వాలో, ఎవరికి ఎగ్గొట్టాలో ఎంత తంటా! రెండయితే ఎంత ప్రశాంతం! ఈ మాటే అన్నాను. మా తోడికోడలు చూసిన చూపు ఇక్కడ చెప్పలేను.

"ఈ రెండూ రాలిపోతే నేనింక మేడెక్కనక్కా" అంది. ఏడుస్తూ కాదు, కూరలు తరుక్కుంటూ మామూలుగా అంది. అందుకే భయమేసింది.

శనివారం సాయంత్రం వెళ్ళి పుల్లలన్నీ పీకేసింది. పారేయడానికి చేతులు రాలేదు, పెద్దమనుషులు రాసినవాయె. పక్కనున్న ఉత్త మట్టి డ్రమ్ములో వరసగా గుచ్చింది.

ఆదివారం మండలి వచ్చి పుల్లలున్న డ్రమ్ము చుట్టూ చేరింది. అందులో మట్టి తప్ప ఏమీ లేదు. మీరైతే మొక్కేదని అడుగుతారు. అందుకే మిమ్మల్ని మండలిలో చేర్చుకోరు.

"విశ్రాంతిలో ఉంది" అన్నారు మాస్టారు.

"కోర్సు ఇంకా పూర్తికాలేదు" అన్నాడు మందుల షాపాయన.

"లోపల బలం పుంజుకుంటోంది" అన్నాడు కోచ్.

మూడు నెలలు ఆ మట్టికి క్లాసులు జరిగాయి. మూరెడు దూరంలో నిమ్మచెట్టు నిలబడే ఉంది. పుల్ల లేని మొక్క వాళ్ళ కంటికి ఆనలేదు. రెండు కాయలూ కుదురుగా పసుపెక్కాయి.

ఒక ఆదివారం క్లాసు చెప్పి చెప్పి మాస్టారి గొంతు బొంగురుపోయింది. మా తోడికోడలు ఒక కాయ కోసి, నీళ్ళల్లో పిండి, ఉప్పేసి ఇచ్చింది.

"ప్రాణం లేచొచ్చిందమ్మా. ఈ కాయ ఎక్కడ దొరికింది?"

"మీ మోచెయ్యి తగులుతోందే మాస్టారూ, ఆ చెట్టుదే."

మాస్టారు వెనక్కి తిరిగారు. కళ్ళజోడు సర్దుకున్నారు. జేబులోంచి కొత్త పుల్ల తీశారు.

"అది తర్వాత" అని ఆమె ఆయన చేతిలో బకెట్ పెట్టింది. మిగతా ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. "మేడ మీద కుళాయి లేదు. ఆరేళ్ళుగా అరవై రెండు మెట్లూ ఎక్కి నీళ్ళు నేనే మోస్తున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ఏ సలహా రాసినా నీళ్ళు మోసేది నేనే కదా. తలో బకెట్ పైకి తెండి, ఆ తర్వాత ఎన్ని పుల్లలైనా గుచ్చుకోండి."

ముగ్గురూ బకెట్లు పట్టుకుని ఎంతో గౌరవంగా మెట్లు దిగారు. పదిహేను రోజులైంది. నీళ్ళు రాలేదు. బకెట్లూ రాలేదు. ఆవిడ ఇప్పుడు చెంబుతో మోస్తోంది.

కాబట్టి నాయనలారా, అమ్మలారా, ఈ సంగతి గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. నాలాగే మండలిని మెచ్చుకుంటూనే చెప్పండి. చెప్పడానికి వెళ్ళే దారిలో ఎక్కడైనా రెండు ఎర్ర బకెట్లు, ఒక నీలం బకెట్ కనిపిస్తే మాత్రం మాకు కబురు చేయండి. నిండుగా ఉంటే ఇంకా సంతోషం.