మూతి కిందికి పెట్టిన కంప్యూటర్

ఆ ఉదయం ఆయన పెట్టుకున్నది చాలా చిన్న పని. ఎవరూ రాకముందే కార్ఖానాకు వెళ్లాలి. స్టోరు గదిలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ తెరవాలి, ఒక సరుకు పేరు రాయాలి, దాచాలి, మూయాలి. మధ్యాహ్నం మేనేజరు వచ్చి చూస్తాడు. పని వచ్చినట్టు తేలితే స్టోరు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. తేలకపోతే తాళాలు డిస్పాచ్ గుమాస్తాకు, గేటు దగ్గర కుర్చీ ఆయనకు.

అది పంపులు తయారుచేసే కార్ఖానా. స్టోర్‌కీపరైన ఆయన నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి అందరూ తాళాలాయన అంటారు. బ్యాంకులో పనిచేసే కోడలు, "నేను నేర్పుతాను మావయ్యా, అరగంట పని" అంది. "ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. పెట్టె ముందు కూర్చోవడానికి నీ దగ్గర పాఠమా?" అన్నాడు. ఆ అమ్మాయి మళ్లీ ఆ ఊసెత్తలేదు. భార్య ఉండుంటే అక్కడికక్కడే ఆయన నోరు మూయించేది. ఆవిడ పోయాక తప్పు చెప్పేవాళ్లు లేరు. తప్పులు మాత్రం ఉన్నాయి.

మీట నొక్కాడు. తెర వెలిగింది. ఏ వస్తువునైనా తుడవందే పనిలోకి తీసుకోకపోవడం ఆయన అలవాటు. బేరింగులు తుడిచే గుడ్డ తీసి, కీబోర్డు సందుల్లోకి వేళ్లు దూర్చి, మాడిన గిన్నె తోమినట్టు రుద్దాడు. తలెత్తి చూస్తే తెరమీద ఉన్నవన్నీ తలకిందులై ఉన్నాయి. మౌసు పైకి జరిపితే బాణం కిందికి పోతోంది. మళ్లీ రుద్దాడు. ఇంకేవో తెరుచుకున్నాయి. అవీ తలకిందులే.

ఎవరినైనా అడుగుదామంటే మొహం చెల్లదు. నిన్ననే అకౌంటెంటు అమ్మాయి సాయం చేస్తానంటే నలుగురిలో "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. కాసేపు తల వంచి చూశాడు. మెడ పట్టేసింది. చివరికి తెరనే రెండు చేతులా ఎత్తి తిరగేశాడు. రెండు చెక్కపెట్టెల మధ్య ఇరికించి నిలబెట్టాడు. దాని కాలు గాల్లోకి లేచింది గానీ అక్షరాలు బుద్ధిగా నిలబడ్డాయి. బాణం చెప్పిన మాట వింటోంది. లేచిన కాలికి తన టోపీ తగిలించి పనిలో పడ్డాడు.

"ఇదేంటి బాబాయిగారూ, తెర శీర్షాసనం వేసింది?"

వెనకాల అకౌంటెంటు అమ్మాయి. ఆయన చూపు అరలమీద పడింది. అరల నిండా పంపులు, అన్నీ మూతి కిందికి. మూతి పైకుంటే దుమ్ము పడి పాడవుతాయని ఆ కార్ఖానాలో చేరినవాళ్లకు ముందు నేర్పేది అదే.

"దుమ్ము" అన్నాడు. "దీని గాలికంతలు ఎక్కడున్నాయి? పైన. మరి దుమ్మెక్కడికి పోతుంది? లోపలికి. ఇన్నాళ్లు పంపుల మధ్య తిరిగి ఆమాత్రం తెలీకపోతే ఎలా అమ్మాయ్?"

"అయ్యో, నిజమే సుమండీ!"

ఆమె అటు వెళ్లింది, మాట మేనేజరుకు చేరింది. "పంపుకైనా కంప్యూటర్‌కైనా పద్ధతి ఒకటే. మనకెవరికీ తట్టలేదు చూడండి! అన్ని తెరలూ మూతి కిందికి పెట్టండి" అని మేనేజరు ఉత్తర్వు వేశాడు.

పెట్టారు. అక్షరాలు తలకిందులయ్యాయి. ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు స్టోరులోకి వచ్చి, తాళాలాయన తెరమీద అక్షరాలు నిటారుగా ఉండటం చూసి, నోరు మెదపకుండా వెళ్లిపోయారు. ముసలాయనకు వచ్చింది తమకు రాలేదని ఒప్పుకోవడం ఎవరికిష్టం?

"మీ దాంట్లో ఎలా ఉంది?"

"బ్రహ్మాండం. మీకో?"

"నాకూ అంతే."

అకౌంటెంటు తలనొప్పి అని చెప్పి, చెంప బల్లకానించి చదువుకుంది. డిస్పాచ్ గుమాస్తా ఆరు పంపులు పంపాల్సినచోట తొమ్మిది ఎక్కించాడు. లారీ డ్రైవరు తల గోక్కుని, "ఏం సార్, మూడు కొసరా?" అన్నాడు. తాళాలాయన ఆ మాట కిటికీలోంచి విన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. వస్తూనే తలుపు వేశాడు. అంతా తెలిసిపోయిందనుకుని తాళాలాయన గుత్తి విప్పి బల్లమీద పెట్టాడు.

"తప్పు నాదే సార్..."

"ముందు నా మాట వినండి." మేనేజరు గొంతు తగ్గించాడు. "నా దాంట్లో అక్షరాలు తలకిందులుగానే ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఒక్క ముక్క చదవలేదు. నలుగురిలో అడగలేక చస్తున్నాను. మీకెలా నిలబడ్డాయి?"

"గుడ్డతో కీబోర్డు రుద్దాను సార్. అప్పుడే అది..."

"గుడ్డా? ఏ గుడ్డ? ఇలా ఇవ్వండి!"

మిగతా మాట వినేలోపే గుడ్డతో సహా మాయమయ్యాడు. కాసేపటికి ఆఫీసంతా రుద్దుడే. మేనేజరుది నిలబడలేదు. అకౌంటెంటు తెరమీద అక్షరాలు పక్కకు పడుకున్నాయి. గుమాస్తా పొద్దుట్నుంచీ రాసిందంతా చెరిగిపోయింది. అతను తల పట్టుకుని కూర్చున్నాడు.

అది చూడలేక తాళాలాయన అరల వెనక్కి వెళ్లి కోడలికి ఫోన్ చేశాడు. ఎన్నడూ చెయ్యడు.

"మావయ్యా! ఒంట్లో బాగానే ఉందా?"

"ఒంట్లో బాగుందమ్మా. తెరే తిరగబడింది."

"కీబోర్డు గాని రుద్దారా?"

"...రుద్దాను."

"కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని, పైకి చూసే బాణం నొక్కండి."

"అంతేనా?"

"అంతే మావయ్యా."

ఆమె నవ్వలేదు. నవ్వేసినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి తెరలు మామూలుగా నిలబెట్టి, ఆ మీటలు నొక్కాడు. అక్షరాలన్నీ తిన్నగా లేచాయి. జనం నోళ్లు తెరిచారు. ఇక దాచి లాభం లేదనుకుని ఆయన అందరి మధ్యా నిలబడ్డాడు.

"దుమ్ము మాట నేను కల్పించింది. తుడుస్తుంటే తిరగబడింది, అడగడానికి సిగ్గేసింది. నాకు కంప్యూటర్ రాదు సార్."

"విన్నారా?" మేనేజరు అందరివైపూ తిరిగాడు. "అందరివీ బాగుచేసి నాకు రాదంటున్నారు! తప్పు మనదైతే తనమీద వేసుకుంటున్నారు!"

"నిజంగానే రాదు సార్."

"అదే మరి, పెద్దరికమంటే! ఇంతటి మనిషిని బోల్టుల మధ్య పడేశాం. రేపట్నుంచి కంప్యూటర్లన్నీ మీ చేతికింద. అందరికీ మీరే నేర్పాలి. తాళాలు గుమాస్తాకు ఇచ్చేయండి."

గుమాస్తా గుత్తి అందుకుని నడుముకు కట్టుకున్నాడు. అది చప్పుడు చేస్తూ స్టోరు వైపు నడిచిపోయింది. తాళాలాయన అది వినపడినంతసేపూ అక్కడే నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆయనకు వేరే గది ఇచ్చారు. దానికి తాళం లేదు, లోపల గడియ మాత్రం ఉంది. ఆ గదిలో ఆయన మొదట నేర్చుకున్నది దాన్ని వేసుకోవడమే.