రెండు దూరంలో చేపల పులుసు

ఆ గురువారం ఉదయం తిహోమిర్ ఫోనులో "ఆదివారం పులుసు! పులుసు!" అని అరిచాడు. వంటింట్లో ఉన్న భార్య రూజాకి అది "పోలీసు" అని వినిపించింది. అతను ఫోను పెట్టేలోగా, ఇంట్లో కాచిన ఆలూబుఖారా సారా సీసాలు పదకొండూ అటక దిగి, కారు డిక్కీలో దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

"పోలీసులు ఎందుకొస్తున్నారండీ?"

"పోలీసులు కాదే, పులుసు! ఆదివారం మా సంఘం సమావేశంలో చేపల పులుసు!"

"అలా చెప్పండి. ఆ సమావేశానికి ఎవరూ రారుగా!" అంది రూజా. ఆ ఊరటలో సీసాల సంగతి మరిచిపోయింది.

ఆ మాట తిహోమిర్‌కి ముల్లులా గుచ్చుకుంది. ద్రావా నది ఒడ్డున ఓసియెక్‌లో ఉన్న ఆ సంఘం పూర్తి పేరు భౌగోళిక సమాచార వ్యవస్థ వాడుకరుల ప్రాంతీయ వృత్తి సంఘం. పేరు చెప్పడం పూర్తయ్యేలోగా వినేవాళ్ళు వెళ్ళిపోతున్నారని అందరూ పటాల సంఘం అంటారు. నీటి గొట్టాల నుంచి ద్రాక్షతోటల దాకా కంప్యూటర్లో పటాలు గీసేవాళ్ళు నలభై మంది అందులో సభ్యులు. ఏటా సమావేశానికి ఇరవై ఐదుగురు రావాలి. వరసగా మూడేళ్ళు రాకపోతే సంఘం మూసేయాలని నిబంధన. రెండేళ్ళు గడిచాయి. ఈసారి కోరం లేకపోతే ఘోరమే. తొమ్మిదేళ్ళుగా కార్యదర్శిగా ఉన్న తిహోమిర్‌కి ఆ సంఘం తప్ప వేరే సరదా లేదు.

అందుకే పులుసు ఎర. వండేది ఇల్యా బాబాయ్. ఆయన చేపలు తెస్తానన్నాడు గానీ గుండిగలు చాలవన్నాడు. దగ్గర్లో ఉన్నవాళ్ళను తెమ్మంటే సరి అనుకున్నాడు తిహోమిర్. ఇరుగుపొరుగు దేశాల పటాల సంఘాలన్నిటికీ కలిపి ఒకే జాబితా ఉంది. ఎవరి ఇల్లు ఎక్కడో పటం మీద చుక్క పెట్టి ఉంటుంది. అతను సమావేశం జరిగే నది ఒడ్డు చుట్టూ ఒక వలయం గీయమని కంప్యూటర్‌కి చెప్పి, దూరం దగ్గర "2" కొట్టాడు. వలయంలో పడ్డవాళ్ళందరికీ సందేశం పంపాడు: "ఆదివారం పదకొండుకి తప్పక రండి. ఒక గుండిగ, ఒక మోపు కట్టెలు తెండి. మీరు లేనిదే పని జరగదు."

శుక్రవారం పక్క దేశంలోని సరాయెవో నుంచి ఫోను. "అన్నా, గుండిగ పెద్దది తేనా, చిన్నది తేనా?" హాస్యానికేమో అనుకుని నవ్వి ఊరుకున్నాడు.

శనివారం ఉదయం బెల్‌గ్రేడ్ నుంచి ఇంకొకటి. "కట్టెలకి సరిహద్దులో కాగితం అడుగుతారా?" ఈసారి నవ్వు రాలేదు.

తరవాత జాగ్రెబ్ నుంచి ఒకాయన విరుచుకుపడ్డాడు. "బుడాపెస్ట్ వాళ్ళు పనికొచ్చారు, సొంత దేశపు రాజధానిలో ఉన్న మేం పనికిరాలేదా?"

తిహోమిర్ పటం తెరిచాడు. అతను గీసింది వలయం, పడింది వల. బుడాపెస్ట్ వలయం గట్టుకి ఇవతల, జాగ్రెబ్ అవతల ఉన్నాయి. "సమావేశం రద్దు" అని రాస్తుండగా మళ్ళీ ఫోను మోగింది. సొంత ఊరి సభ్యురాలు వెస్నా. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి ముఖం చూపించిన మనిషి.

"ఏంటి తిహోమిర్, సరాయెవో నుంచి కూడా వస్తున్నారట! అంత గొప్పగా ఉంటుందని చెప్పలేదేం? మేమూ వస్తున్నాం."

తిహోమిర్ వేలు గాల్లోనే ఆగిపోయింది. రద్దు సందేశమే రద్దయింది.

ఆదివారం పదకొండుకి పటాల సంఘం కాస్తా పటాలమైంది. నూట పన్నెండు కార్లు, నూట పన్నెండు గుండిగలు, నూట పన్నెండు పొగలు.

"ఒరేయ్, నా దగ్గర నలభై మందికే చేపలున్నాయిరా!" అని ఇల్యా బాబాయ్ గరిటె ఎత్తాడు.

"నీళ్ళు పొయ్యి బాబాయ్. పక్కనే నదుంది," అన్నాడు తిహోమిర్.

"ఇంకొంచెం పోస్తే ముక్కని వెతకడానికి ఉపగ్రహం కావాలి!"

పొగ చూసి అవతలి ఒడ్డువాళ్ళు ఫిర్యాదు చేశారు. ఈసారి నిజంగానే పోలీసు వచ్చాడు. "వీళ్ళందరినీ పిలిచిందెవరు?" అనగానే నాలుగు దేశాల వేళ్ళు ఒక్కడి వైపే తిరిగాయి. పోలీసు అతని కారు డిక్కీ తెరిపించాడు. దుప్పటి కింద పదకొండు సీసాలు!

"ఇవేంటే రూజా?" తిహోమిర్ నోరెళ్ళబెట్టాడు.

"పోలీసులొస్తున్నారని మీరు అరిస్తేనేగా దాచాను!"

పోలీసు ఒక మూత తీసి వాసన చూశాడు. "చూడలేదని రాస్తాను. రుచి చూడలేదని మాత్రం రాయలేను."

అప్పుడు అధ్యక్షురాలు జ్దెంకా ముందుకొచ్చింది. నలభై ఏళ్ళు భూములు కొలిచిన మనిషి, చూపుతోనే గట్లు సరిచేస్తుంది. "బల్ల ఎక్కి చెప్పవయ్యా. ఏం చేశావు?"

తిహోమిర్ ఎక్కాడు. "రెండు కిలోమీటర్లు అనుకుని రెండు కొట్టానండీ. పటమేమో డిగ్రీల్లో ఉంది. అది రెండు డిగ్రీలు తీసుకుంది. అంటే రెండు వందల కిలోమీటర్ల పైమాట. కొలత చూడకపోవడం వల్లే ఇంత కలత. రద్దు చేద్దామనుకున్నా, కానీ మనవాళ్ళు వస్తామన్నారు. సంఘం బతుకుతుందని ఆశపడ్డా. రాజీనామా రాసి తెచ్చాను."

బుడాపెస్ట్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను ఒకసారి పార్కు చుట్టూ మూడు మీటర్లు అనుకుని మూడు కొట్టాను. సగం రొమేనియా మా పార్కులో కలిసింది."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ తప్పు చేసినవాళ్ళు చేతులెత్తండి," అంది జ్దెంకా.

ఒకటి, పది, వంద. ఒడ్డంతా చేతులే. చివరికి, అటూ ఇటూ చూసి, జ్దెంకా కూడా ఎత్తింది.

"మన సభ్యులు చేతులు దించకండి," అని ఆమె లెక్కపెట్టింది. "ఇరవై ఏడు. కోరం కుదిరింది. తిహోమిర్ కార్యదర్శిగా కొనసాగడానికి ఒప్పుకున్నవాళ్ళు... సరే, ఎత్తే ఉన్నారు. ఏకగ్రీవం. ఆ రాజీనామా పొయ్యిలో పడెయ్, కట్టెలు తడిగా ఉన్నాయి."

పలచని పులుసు, చిక్కని సారా కలిసి సాయంత్రం దాకా సాగాయి. ఇకపై ఏ దూరానికైనా కొలమానం తప్పక రాయాలని తీర్మానించారు. తిహోమిర్ ఆనందంగా పుస్తకంలో అది రాసుకుని, దాని కిందే వచ్చే ఏటి సమావేశ స్థలం రాశాడు: "ఇక్కడికి ఐదు దూరంలో."