తోమిన పెన్నీలు

మంగళవారం పొద్దున గ్లెనిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు డేమియన్ కలప మిల్లుకు వెళ్లగానే ఊరి చివరి పిక్నిక్ మైదానంలో తొమ్మిది పాత రాగి పెన్నీ నాణేలు పాతిపెట్టాలి. పన్నెండింటికల్లా ఇంటికి వచ్చి గొర్రెమాంసం పొయ్యి మీద పెట్టాలి. అంతే.

డేమియన్‌కు మెటల్ డిటెక్టర్‌తో నేలలో పాత నాణేలు వెతికే పిచ్చి. ముప్పై ఆరేళ్లవాడు, పెళ్లీ పెటాకులూ లేకుండా, రోజూ పని దిగగానే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ మైదానాన్ని ఊడుస్తున్నట్టు తిరుగుతాడు. నలభై ఏళ్లుగా ఊరంతా జల్లెడ పట్టిన నేల అది. మూడేళ్లలో వాడికి దొరికినవి బీరు డబ్బాల రింగులు, ఒక గుర్రపు నాడా. మొన్న ఆదివారం విసిగిపోయి, "ఇక్కడ ఏమీ మిగల్లేదమ్మా. సెలవు పెట్టి పడమటి ఎడారికి పోతా" అన్నాడు.

అప్పటినుంచీ గ్లెనిస్ కళ్ల ముందు పాములు, మూతల్లేని పాత గని గుంతలు, పెట్రోలు అయిపోయిన వ్యాను. పోలీసులు వచ్చి తలుపు కొట్టడం దాకా ఊహించేసింది. శవాన్ని గుర్తుపట్టడానికి ఏ కోటు వేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

నాలుగు పెన్నీలు ఇక్కడే దొరికితే వాడు ఎడారికి ఎందుకు పోతాడు? చనిపోయిన తన తండ్రి పొగాకు డబ్బాలో దాచిన పెన్నీలు బయటికి తీసింది. ఎన్ని చేతులు మారాయో, ఏ రోగాలు అంటుకున్నాయో అని వెనిగర్‌లో నానబెట్టి వంటసోడాతో తళతళలాడేలా తోమింది. నాణేల వేటగాళ్లు చచ్చినా చేయని పని అదొక్కటేనని, విలువ పోతుందని వాళ్లు మట్టి దులపడానికి కూడా భయపడతారని ఆమెకు తెలియదు. మైదానంలో తోట పార గట్టి నేలలోకి రెండు అంగుళాలకు మించి దిగలేదు. అదే చాలనుకుంది.

గురువారం సాయంత్రం డేమియన్ దొరికిన రెండు పెన్నీలతో పరుగున వచ్చాడు. వెనకే నాణేల వేటగాళ్ల సంఘం పెద్ద మెర్విన్, ఆయన భార్య వాల్డా. మెర్విన్ భూతద్దంలో వాటిని ఎంతోసేపు చూశాడు. గ్లెనిస్ బిస్కెట్టు టీలో మునిగి కరిగిపోయింది.

"ఇదేంట్రా అబ్బాయ్, ఇంత మెరుస్తోంది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు మెర్విన్. పైగా రెండంగుళాల లోతులోనే ఉంది!"

"ఆ! తెలిసింది. అక్కడి మట్టిలో ఉప్పు లేదు. అందుకే చిలుము పట్టలేదు. వానలకి నేల కుంగి, నాణెం పైకొచ్చింది."

"మరి నలభై ఏళ్లు ఎవరికీ దొరకలేదేం?" అని నోరు జారింది గ్లెనిస్.

"అందరూ తొందరపడి నడుస్తారమ్మా. మెల్లగా నడిచేవాడికే దొరుకుతుంది. నాకు దొరకట్లేదూ?" అన్నాడు మెర్విన్ గర్వంగా. వాల్డా గబగబా టీ తాగింది.

శనివారానికి సంఘమంతా దిగింది. ఇరవై ముగ్గురు మోకాళ్ల మీద పాకుతుంటే మైదానం బొరియలు చేసే వాంబాట్ జంతువులు తవ్విన దొడ్డిలా తయారైంది. పూర్వం అక్కడ సారా కొట్టు ఉండేదని ఒకరు, గుర్రబ్బండ్లు ఆగేవని ఇంకొకరు. గ్లెనిస్ టీ బల్ల దగ్గర నిలబడి, గురువారం నాటి రెండింటితో కలిపి, ఒక్కో కేక వినిపించినప్పుడల్లా వేళ్లు ముడుస్తోంది. ఆరు. ఏడు. తొమ్మిది. హమ్మయ్య, అయిపోయాయి.

"ఇదిగో, ఇంకోటి!"

పది. పదకొండు. నాన్న ఆత్మ వచ్చి పాతుతోందా? పద్నాలుగు!

అంతలో డేమియన్ ఊడిపడ్డాడు, మొహమంతా బురద, నవ్వు. "అమ్మా! అందరూ వెతికేసిన చోటే ఇన్ని దొరికాయంటే, ఎడారిలో ఇంకెన్ని దొరుకుతాయో! సోమవారమే బయల్దేరతా."

గ్లెనిస్ చేతిలోని కెటిల్ నేల మీద పడింది. పాములు, గుంతలు, కోటు, అన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. తన చేతులతో తనే కొడుకును ఎడారికి సాగనంపింది.

"బుద్ధుందట్రా నీకు?" వెనక నుంచి మెర్విన్ అరిచాడు. "ఇంటి పక్కనే ఇలా బయటపడుతుంటే రెండు వేల మైళ్లు పోతావా? నువ్వు పోతే నీ వాటా కూడా నేనే తవ్వుకుంటా!"

డేమియన్ ఒక్క క్షణం ఆలోచించి, పార భుజాన వేసుకుని మళ్లీ మైదానంలోకి పరుగెత్తాడు. ఎడారి మాట మరి ఎత్తలేదు.

గ్లెనిస్ కుర్చీలో కూలబడింది. వాల్డా కెటిల్ ఎత్తి పక్కన పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

"నీవెన్ని?"

గ్లెనిస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తొమ్మిది."

"ఈ వారం నావి అయిదు. ఏడేళ్లనుంచీ పాతుతున్నా. గుండె ఆపరేషన్ అయ్యాక మెర్విన్‌ను రోజూ నడవమన్నాడు డాక్టరు. ఏమీ దొరక్కపోతే రెండో రోజే సోఫా ఎక్కేవాడు. ఇంకోసారి తోమకు తల్లీ, ఆ మెరుపు చూసి గుట్టు రట్టవుతుందని నా ప్రాణం పోయింది."

మరుసటి మంగళవారం ఇద్దరూ బస్సెక్కి పట్నంలో పాత నాణేల దుకాణానికి వెళ్లారు. బాగా అరిగినవి, చవకవి, మురికివి కావాలన్నారు. కొట్టువాడు సంబరపడి, "మీ ఇద్దరికీ నాణేలు పోగుచేసే సరదానా అమ్మా?" అని అడిగాడు.

"లేదు బాబూ," అంది వాల్డా సంచి తెరుస్తూ, "మేం నాట్లు వేస్తాం."