మళ్లీ మళ్లీ చచ్చిన సైదులు

“ఈ హాలియా గడ్డ మీద నేరం జరగాలంటే ముందు నన్ను దాటాలె!” అని సమాధుల తోటలో ఛాతీ విరిచి ప్రకటించాడు డిటెక్టివ్ దామోదర్. అప్పటిదాకా ఆయన ఛేదించింది ఒకే ఒక్క కేసు, మాయమైన కోడిది. అదీ కూర తిన్నాకే తెలిసింది.

పక్కనే ఆయన దోస్తు, చర్చి పెద్ద బెంజమిన్, పాత సమాధుల రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ తల పట్టుకున్నాడు. ప్రహరీగోడ కోసం రేపు జేసీబీ వస్తుంది. ఎవరివో తేలని దిబ్బలన్నీ చదునైపోతాయి. గొర్లు కాసే బీరమ్మ తాత సైదులు ఆ దిబ్బల్లోనే ఎక్కడో ఉన్నాడు. ఆమె పొద్దున్నుంచీ గేటు దగ్గరే కూర్చుంది.

“అయ్యా, మా తాత దొరికిండా?”

“శానామంది దొరికిండ్రవ్వా,” అన్నాడు బెంజమిన్ నీరసంగా. పేజీ తిప్పితే సైదులు. ఇంకోటి తిప్పితే ఇంకో సైదులు.

దామోదర్ భూతద్దంతో రిజిస్టరు మీద వాలాడు. “బెంజీ! అందరూ ఒక్కడే! మళ్ల మళ్ల చచ్చిండు. తండ్రి పేరు మార్చిండు, ఊరు మార్చిండు, గీడ చూడు, కుంటోనిలెక్క వేషం గూడ కట్టిండు! ఇది అంతర్జాతీయ ముఠా!”

“ముఠా గాదు బిడ్డా, మొక్కు,” అంది బీరమ్మ. “పిల్లలు దక్కకుంటే సైదులు దర్గకు మొక్కుతం. దక్కినోనికి సైదులని పేరు పెడ్తం. మా వాడల సైదులూ అని పిలిస్తే బర్రెలు తప్ప అందరు తిరిగి చూస్తరు.”

“మరి గొర్లకాపరికి చర్చి తోటల ఏం పని?”

“తెల్వది. గీడనే పెట్టిన్రని మా నాయిన చెప్పిండు.”

“చెప్తా! రహస్యం ఇప్పుడే విప్పుతా!” అంటూ దామోదర్ వెనుకనున్న పుట్టకు రాజసంగా ఆనుకున్నాడు. పాముంటుందని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పుట్ట అది. భళ్లున కూలింది. మట్టిలో డిటెక్టివ్ కాళ్లు పైకి, తల కిందికి. ఆయన పక్కనే ఒక రాయి బయటపడింది.

బెంజమిన్ దస్తీతో తుడిచాడు. గొంగడి కప్పుకున్న మనిషి బొమ్మ, అతని భుజాల మీద టోపీ పెట్టుకున్న ఇంకో మనిషి. కింద అక్షరాలు: “గొర్లకాపరి సైదులు. వరదలో మా డాక్టరు దొరను భుజాన వాగు దాటించినవాడు. మావాడు.”

బెంజమిన్ ఆ అక్షరాలను మళ్లీ చదివాడు. వరద నాడు మిషన్ ఆసుపత్రి నడిపిన ఆ తెల్లదొర చేతుల్లోనే తన నాయనమ్మ పుట్టిందని ఇంట్లో చెప్పుకునేవారు. దొరను దాటించిందెవరో ఎవరూ చెప్పలేదు. వెంటనే జేసీబీ వాడికి ఫోన్ కొట్టాడు. “తమ్మీ, గీ మూలకు రాకు. గీడ మావోడున్నడు.”

బీరమ్మ రాయిని కావలించుకుని ఏడ్చింది.

“చూసిన్రా, నా పద్ధతి!” అని లేచిన దామోదర్ మాట మధ్యలోనే ఆగింది. పుట్టలోని ఎర్రచీమలు చొక్కాలోకి చేరాయి. ఆయన ఒక కాలు లేపాడు, రెండోది లేపాడు, చేతులు గాల్లో విసురుతూ సమాధి చుట్టూ గంతులేశాడు.

బీరమ్మ కళ్లు తుడుచుకుని మురిసిపోయింది. “మా తాతకు చిందులేసుడంటే పాణం. ఎవ్వలు యాది చేసుకోకున్నా నువ్వన్న చేసుకున్నవు. ఆపకు కొడుకా, ఇంకింత ఎగురు!”