వీధి చెత్తకు తూకం

ఆ ఉదయం పరిశోధకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. చక్కగా తల దువ్వుకోవాలి, కాసేపట్లో వచ్చే డైరెక్టరుగారికి తన వీధిని చూపించి భేష్ అనిపించుకోవాలి. ఏ ఇంట్లో రోజుకెంత చెత్త పోగవుతుందో తేల్చడం వాళ్ళ సంస్థ పని. తూకానికి తన వీధినే తీసుకోమని పట్టుబట్టిందీ అతడే. తీరా వంటింట్లోకి వెళ్ళి చూస్తే చెత్తడబ్బా మూత పడనంటోంది. ముందురోజు బావమరిది సకుటుంబంగా వచ్చి వెళ్ళాడు.

"ఏమిటోయ్ ఇంత చెత్త!"

"మా తమ్ముడొస్తే చెత్తా, మీ అక్కయ్యొస్తే సందడీనా?" అంది భార్య.

వాదనకు వ్యవధి లేదు. చెత్తంతా ఓ సంచిలో కుక్కి, మూతి బిగించి పక్కింటి రిటైర్డు మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"మాస్టారూ, ఈ ఒక్కపూట దీన్ని మీ దగ్గర దాచండి. మా ఆఫీసువాళ్ళు చెత్త తూచడానికొస్తున్నారు."

"మీ ఆఫీసంటే... పింఛన్ల లెక్కలు తీసేదీ మీరేగా?"

"అదీ మేమేనండీ!" అంటూనే, డైరెక్టరుగారి కారు హారన్ విని అటు పరుగు తీశాడు.

మాస్టారు సంచి పట్టుకునే లెక్క కట్టారు. చెత్తా తూస్తారు, పింఛనూ చూస్తారు! అంటే కిలోకింతని కోతే కదా? ఆ మాట ఎదురింటి నర్సు చెవిన వేశారు. నర్సు కుట్టుమిషనావిడకు చెప్పేసరికి పింఛనుతోబాటు జీతమూ కోతలో చేరింది. వీధి చివరికి చేరేసరికి, ఇంకా ఉద్యోగమే దొరకనివాళ్ళకు కూడా కోత పడిపోయింది.

అందరూ సంచులతో వీధిన పడ్డారు. మలుపులో సంస్థ కారు. కాటా దించిన తొందరలో ఎవరూ డిక్కీ మూయలేదు. తలుపు మీద పెద్ద అక్షరాలతో 'గృహ వ్యర్థాల పరిశోధన' అని ఉంది.

"ఓహో, పట్టుకెళ్ళడానికే వచ్చారన్నమాట!" అని మాస్టారు రెండు సంచులూ అందులో పడేశారు. ఆయన వెనకే వీధి వీధంతా.

ఇదేమీ తెలియని డైరెక్టరుగారు మొదటింట్లో సున్నా రాయించారు. రెండోయింట్లోనూ సున్నాయే.

"మేం తినేదే తక్కువండీ," అంది నర్సు.

"మేమసలు తినమండీ," అంది కుట్టుమిషనావిడ.

ఆఖరింటికొచ్చేసరికి డైరెక్టరుగారి కళ్ళు చెమర్చాయి. "ఏం వీధయ్యా ఇది! నీకు ప్రమోషన్ రాకపోతే నన్నడుగు!"

పరిశోధకుడు పొంగిపోయాడు కానీ, అందరికీ సున్నా ఎలా వచ్చిందో అతడికి అంతుపట్టలేదు. కారు దగ్గరికి వెళ్ళగానే పట్టింది. డిక్కీ నిండి, పొంగి, ఈగలతో కళకళలాడుతోంది. ఇక ఉద్యోగం ఊడినట్టే.

"సార్, తప్పు నాదే. మొదట దాచమన్న సంచి మాదే," అన్నాడు చేతులు నలుపుకుంటూ.

డైరెక్టరుగారు అటూ ఇటూ చూసి, అతడి చెవి దగ్గరికి వంగారు. "మొదటిది మీది కాదోయ్. అట్టడుగున ఉన్నది మా ఇంటిది. రేపు మా వీధి తూకం."

ఇద్దరూ ముక్కులు మూసుకుని కారును ఆఫీసుకు తోలించారు. అంతా అక్కడి డబ్బాల్లో కుమ్మరించి ఊపిరి పీల్చుకునేలోగా, ఆఫీసుల చెత్త తూచే రెండో బృందం కాటాతో గుమ్మంలో నిలబడింది.

నివేదికలో చెత్త అసలే లేని వీధిగా అతడి వీధికి మెప్పు దక్కింది. చెత్త ఎక్కువ పోగేసే చోట్లలో ఆ పరిశోధన సంస్థే అందరికంటే ముందు నిలిచింది. ఇందుకు కారణాలేమిటో లోతుగా పరిశోధించాలని సిఫార్సు చేస్తూ, కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు.