చుక్కల గీత 'వద్దు' మీదే ఉంది

సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్లకు టైపు రాదు. ఈ సంగతి మీద టైపిస్టు ఎవరితోనూ వాదించడు. వాదించడానికి అందులో ఏమీ లేదు. ముప్పై నాలుగేళ్లు నీటి సరఫరా ఆఫీసులో మీటల వంక చూడకుండా టైపు కొట్టి రిటైరైన మనిషి. మౌసు జోలికి ఒక్కనాడూ పోలేదు. చేతులు మీటల మీద నుంచి లేచాయంటే పని ఆగినట్టేనని అతని అభిప్రాయం.

ఆ మంగళవారం పొద్దున అతను పెట్టుకున్నవి రెండే పనులు. ఇంటి ముందుగది కుట్టుదుకాణం. దాని గుమ్మం ఎదురుగా మురుగుకాలువ మూత విరిగి నెలైంది. దాని మీద మున్సిపాలిటీకి ఒక ఫిర్యాదు కొట్టాలి. అది కాగానే కూతురికి కొలతలు చదివి వినిపించాలి.

దుకాణం అతని భార్య పెట్టింది. ఆమె పోయి పద్నాలుగు నెలలు. ఇప్పుడు కూతురు నడుపుతోంది. అతను రిటైరైన నెలలో భార్య అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఖాతాదారుల కొలతలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె గుడ్డ కత్తిరిస్తూ చెప్పేది, అతను కొట్టేవాడు. నాలుగేళ్లలో మూడు వందల పన్నెండు మంది. అంకెలతో సరిపెట్టే మనిషి కాదు ఆమె. 'దంతవైద్యురాలు: కుడి భుజం అర అంగుళం కిందికి. ఆమెకు చెప్పొద్దు.' 'బ్యాంకు మేనేజరు భార్య: నడుముకు ఆమె చెప్పినదాని మీద రెండు అంగుళాలు కలపాలి. ఇదీ చెప్పొద్దు.' చివరి వరుస ఆసుపత్రికి బయలుదేరిన రోజు పొద్దున చెప్పింది. ఆ ఫైలు పేరు 'కొలతలు'. ఆఫీసులో ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ పెట్టినవాడు దానికి మాత్రం పెట్టలేదు.

ఆఫీసు టైపిస్టులు ఖాళీ కాగితంతో మొదలుపెట్టరు. పాత ఉత్తరం తెరిచి, పైన చిరునామా ఉంచి, కడుపంతా చెరిపి, కొత్త సంగతి కొట్టి, వేరే పేరుతో దాచుకుంటారు. అతనూ అదే చేశాడు. దుకాణం చిరునామా అందంగా పెట్టి ఉన్నది 'కొలతలు'లోనే. దాన్ని తెరిచాడు. చెరిపాడు. మురుగుకాలువ గురించి పదిహేను వరుసలు కొట్టాడు. దాచే పెట్టె తెరిచి 'మూత ఫిర్యాదు' అని పేరు పెట్టి, ట్యాబు ఒకసారి, ఎంటరు ఒకసారి నొక్కాడు. ఏళ్ల తరబడి ట్యాబు నొక్కితే 'దాచు' అన్న బొత్తాం మీదికే వెళ్లేది. క్రితం రోజు కొత్త వెర్షను దానంతటదే దిగింది. అందులో ట్యాబు నొక్కితే పాత ఫైళ్ల జాబితాలోకి పోతుంది. అక్కడ అన్నిటికన్నా పైన ఉన్నది 'కొలతలు'. మంచి టైపిస్టు కళ్లు కాగితం మీదే ఉంటాయి కాబట్టి అతను అది చూడలేదు.

కంప్యూటరు ఒక ప్రశ్న వేసింది. ఈ పేరుతో ఫైలు ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టమంటారా? అప్పుడు తలెత్తాడు. ఎంటరు నొక్కితే ఏ బొత్తాం పనిచేస్తుందో చూపే చుక్కల గీత 'వద్దు' చుట్టూ ఉంది. సరిగ్గానే అడిగావనుకుని ఎంటరు నొక్కాడు. పెట్టె మూసుకుంది. ఉత్తరం అచ్చుతీసి, సంతకం చేసి, కవరులో పెట్టి అంటించాడు.

"నాన్నా," కూతురు మిషను ఆపకుండానే పిలిచింది. "పాటల బృందం వాళ్లకి శనివారానికల్లా పద్దెనిమిది గౌన్లు ఇవ్వాలి. వాళ్ల పెద్దావిడ భుజం ఎంతో చెప్పు."

అతను 'కొలతలు' తెరిచాడు. 'అయ్యా, మా దుకాణం ఎదుట గల మురుగుకాలువ మూత' అని వచ్చింది. మూసి మళ్లీ తెరిచాడు. మళ్లీ మూతే వచ్చింది.

"ఉండమ్మా. ఇవాళ ఇది నెమ్మదిగా ఉంది."

కూతురితో అతను ఆడిన మొదటి అబద్ధం అది. రెండోది నడకకు వెళ్తున్నానని. పెరట్లోకి వెళ్లి సాఫ్ట్‌వేరు కంపెనీకి ఫోను చేశాడు.

"అది మాకు తెలిసిన లోపమే సార్," అంది ఫోనులో అమ్మాయి. "కీబోర్డుతో వెళ్తే గీత ఒకచోట కనపడుతుంది, పని ఇంకోచోట జరుగుతుంది. వచ్చే వెర్షన్‌లో సరిచేస్తున్నారు."

"అప్పుడు నా ఫైలు వస్తుందా?"

"లోపం పోతుంది సార్. ఫైలు రాదు."

"తెలిసీ ఎందుకు వదిలారు?"

"చాలామంది మౌసు వాడతారు సార్. మీరూ అలవాటు చేసుకోండి."

అతను ఫోను పెట్టేశాడు. జరిగింది కూతురికి చెబితే ఒక నిమిషంలో అయిపోయేది. కానీ మీ అమ్మ చెప్పిందంతా మురుగుకాలువలో పోసానని ఏ నోటితో చెప్పాలి? భార్య టేపు జేబులో వేసుకుని, ఒక నోటు పుస్తకం పట్టుకుని వీధిలోకి నడిచాడు.

ఆడవాళ్ల కొలతలు తీసుకోవడానికి అతను ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి టేపు లోపలికి అందించి, తాను గోడ వైపు తిరిగి నిలబడటం. వాళ్లు కొలుచుకుని అంకె చెబితే గోడను చూస్తూ రాసుకోవడం.

"ఉన్నట్టుండి ఇప్పుడెందుకండీ కొలతలు?" అంది బ్యాంకు మేనేజరు భార్య.

"మారి ఉంటాయేమోనని."

"ఏం, నేను లావయ్యానని మీ అమ్మాయి అందా?"

"అనలేదు. నడుము చెప్పండి."

ఆమె చెప్పింది. దానికి రెండు కలిపి రాస్తూ అతను ఆ కూడిక పైకే అనేశాడు. తలుపు పడింది. టేపు కొస తలుపు సందులో ఇరుక్కుంది. అది లాక్కోవడానికి కొంతసేపు పట్టింది.

దంతవైద్యురాలు పళ్లు చూపించుకోవడానికి వచ్చాడనుకుని కుర్చీ చూపించింది.

"పళ్లు కాదమ్మా. భుజాలు. రెండూ విడివిడిగా కొలిచి చెప్పాలి."

"రెండూ ఎందుకు బాబాయ్ గారూ? ఒకటేగా?"

"అదే చూద్దామని."

ఆమె చాలాసేపు అద్దం ముందు నిలబడింది. ఆ తరువాత ఆ రోజు ఇంకెవరి పళ్లూ చూడలేదని వీధిలో చెప్పుకున్నారు.

సాయంత్రానికి పదిహేడు గుమ్మాలయ్యాయి. పదిహేడో గుమ్మం దగ్గర రిటైరైన బస్సు కండక్టరు ఎదురుపడ్డాడు. అతని గొంతును బట్టి వీధి అతనికి మైకు అని పేరు పెట్టింది.

"ఏంటి బావగారూ, టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు? అమ్మాయి షాపు ఎత్తేస్తోందా ఏంటి?"

"ఇప్పుడేం చెప్పలేను."

ఆ మాటతో మైకుకు అన్నీ చెప్పినట్టయింది.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు ముందుగది నిండిపోయింది. కుట్టనిచ్చిన గుడ్డలు ఇచ్చేయమని ఒకరు, ఎవరికి అమ్మేశారని ఒకరు. బ్యాంకు మేనేజరు భార్య ఏమీ అడగలేదు. బల్ల మీద నుంచి తన గుడ్డ తానే తీసుకుంది. పాటల బృందం పెద్దావిడ ఖాళీ సంచీ విప్పి నిలబడింది.

"పద్దెనిమిదీ ఇచ్చెయ్యమ్మా. శనివారం మేము దుప్పట్లు చుట్టుకుని పాడలేం."

ఆ పద్దెనిమిదీ పోతే ఆ నెల దుకాణం మూసుకోవలసిందే. కూతురు కత్తెర పక్కన పెట్టింది.

"షాపు ఎత్తేస్తున్నానని మీకెవరు చెప్పారు?"

అందరూ గుమ్మంలో నిలబడ్డ మైకు వైపు చూశారు. మైకు టైపిస్టు వైపు చూశాడు.

అతను లేచి నిలబడి జరిగింది చెప్పాడు. ట్యాబు ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడికి వెళ్లిందో, గీత ఎక్కడ ఉందో వరసగా. ఎక్కడా క్షమించమని అనలేదు. చివర కూతురి వైపు తిరిగి, "మూడు వందల పన్నెండు మందివీ పోయాయి. మీ అమ్మ చెప్పినవి," అని కూర్చున్నాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. కూతురు పెద్దావిడ చేతిలోని సంచీ తీసుకుని మడిచింది.

"శనివారం పొద్దున రండి. పన్నెండు గౌన్లు అయిపోయాయి, చూసుకోండి," అని మేకులకు వేలాడుతున్నవి చూపించింది. పెద్దావిడ ఒకటి తీసి భుజాల మీద పెట్టుకుని చూసుకుంది. కుట్టులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బ్యాంకు మేనేజరు భార్య గుడ్డ తిరిగి బల్ల మీద పెట్టి మరీ వెళ్లింది.

"కొలతలు లేకుండా పన్నెండు ఎలా కుట్టావు?" అన్నాడు టైపిస్టు.

"పోయిన వారమే వాళ్ల పాత బట్టలు తెప్పించుకుని."

"మరి మీ అమ్మ ఎలా కుట్టేది?"

"అమ్మకి మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే తెలిసిపోయేది. ఏనాడూ రాసుకోలేదు."

"మరి నాలుగేళ్లు నాకెందుకు చెప్పింది?"

కూతురు సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. 

"నువ్వు రిటైరైన నెలలో వంటింటి డబ్బాలు రోజుకి నాలుగుసార్లు సర్దేవాడివి నాన్నా. ఉప్పు ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. మీ నాన్న చేత ఏదో ఒకటి టైపు చేయించకపోతే నేను ఇల్లు వదిలిపోతానే అంది అమ్మ."

అతను కంప్యూటరు వైపు తిరిగాడు. భార్య కత్తెర పట్టుకుని, గుడ్డ మీద నుంచి కళ్లు ఎత్తకుండా, అంకె తరువాత అంకె చెప్పడం అతనికి గుర్తుంది. ఒక్కోసారి అతను తప్పు కొడితే ఆగి, మళ్లీ చెప్పేది.

"నీకూ తెలుసన్నమాట. మరి నువ్వెందుకు రోజూ అడుగుతున్నావు?"

"నువ్వు చదువుతుంటే నాకు పని సాగుతుంది," అని కూతురు మిషను తొక్కడం మొదలుపెట్టింది.

శనివారం పాటల బృందానికి పద్దెనిమిది గౌన్లూ అందాయి. కంప్యూటరు ఏం చేసిందో ఎవరు అడిగినా టైపిస్టు మొదటి నుంచి చివరిదాకా చెబుతాడు. ఆ నాలుగేళ్లు తను ఏం టైపు కొట్టాడో మాత్రం ఇక ఎవరితోనూ మాట్లాడడు, కూతురితో అసలే మాట్లాడడు.