చారిత్రక వాహనంలో వసంత ఉద్యోగయాత్ర

ఆస్ట్రేలియాలో మనిషి ముసలివాడైతే అతన్ని ఏం చెయ్యాలో తేల్చడానికి సంఘాలూ, ఉపసంఘాలూ కూర్చోవాలి. కారు ముసలిదైతే ఆ బాధ లేదు. ముప్పై ఏళ్లు నిండిన రోజున అది పాతసామాను కోవలోంచి లేచి జాతిసంపద కోవలోకి వెళ్లిపోతుంది. నిన్నటిదాకా దాని పొగకి ముక్కు మూసుకున్న ఇరుగుపొరుగు ఇవాళ్టి నుంచి దానికి నమస్కారం పెట్టాలి. (పెట్టనివాళ్ల మీద ఏ చర్య తీసుకోవాలన్నది ఇంకా పరిశీలనలో ఉంది.)

టూవూంబాలో ఉండే శేషగిరి కారుకి ఆ యోగం పోయిన చలికాలంలో పట్టింది. అది ఆరు సిలిండర్ల, నాలుగు తలుపుల, వంకాయ రంగు కుటుంబ కారు. ఈ దేశంలోనే పుట్టింది. దాన్ని పుట్టించిన ఫ్యాక్టరీ మూతపడి కూడా చాలాకాలమైంది. శేషగిరి తెనాలి నుంచి యూనిలో చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, చదువు ముగించుకుని పోతున్న ఒక సీనియర్ దగ్గర దాన్ని కొన్నాడు. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర కొన్నాడు. పద్ధతి ప్రకారం శేషగిరి కూడా ఎవరో ఒక జూనియర్‌కి దాన్ని అంటగట్టి, కళ్లు తుడుచుకున్నట్టు నటించి, బయటపడాలి. అతను అమ్మలేదు. ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, పెళ్లయింది, కూతురు అమృత పుట్టి పెరిగి బ్రిస్బేన్‌లో చదువుకి కూడా పోయింది. కారు మాత్రం కదల్లేదు. (కొన్ని ఉదయాలు నిజంగానే కదిలేది కాదు.)

"ఇంజిన్ రాయి, వసంతా," అనేవాడు శేషగిరి, భార్య ఎప్పుడు కారు మాట ఎత్తినా.

ఇంజిన్ సంగతి వసంత ఏనాడూ కాదనలేదు. ఆమె పేచీ అంతా ఇంజిన్ చుట్టూ ఉన్నవాటితో. లోపలి పైకప్పు గుడ్డ ఊడి నెత్తిమీద పందిరిలా వేలాడితే, ఆమె చీర పిన్నీసులన్నీ పోయి అక్కడ చేరాయి. డ్రైవరు వైపు తలుపు బయటినుంచి తెరుచుకోదు కాబట్టి శేషగిరి అవతలి తలుపులోంచి ఎక్కి, ముందు సీటంతా జరుక్కుంటూ స్టీరింగు దగ్గరికి చేరతాడు. కింద కారే ఆయిల్ పట్టడానికి వసంత పులిహోర కలిపే బేసిన్ శాశ్వతంగా కారు నిలిపే కార్‌పోర్టుకి బదిలీ అయింది. వాటర్ పంపు, రేడియేటర్ గొట్టాలు, థర్మోస్టాట్ మూడూ వంతులు వేసుకుని పాడయ్యేవి. ఒకదాన్ని బాగుచేస్తే రెండోది అలిగేది. ఇన్నీ చేసిపెట్టిన మెకానిక్‌లు ఒక్కొక్కరే రిటైరైపోగా, శేషగిరి యూట్యూబు చూసి తానే మెకానిక్ అయ్యాడు. ఆదివారం అతని కాళ్లు కారు కింద కనిపిస్తే ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ కాళ్లతోనే మాట్లాడి వెళ్లేవారు.

వసంత ఉద్యోగం టూవూంబా కొండ దిగాక, లోయలో ఉన్న ఒక చిన్న ఊరి వృద్ధాశ్రమంలో. అక్కడికి బస్సు లేదు. ఆమెది క్యాజువల్ ఉద్యోగం, అంటే పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే ఫోను చూస్తూ కూర్చోవాలి. ఏళ్ల తరబడి ఆమె కోరుకున్నది ఒక్కటే: పర్మనెంట్ అయితే జ్వరం వచ్చినప్పుడు జీతం పోకుండా ఇంట్లో పడుకోవచ్చు. ఆ ఖాళీ ఒకటి ఇప్పుడు పడింది. మేనేజరమ్మకి వసంత పని ఇష్టమే. కానీ చలికి కారు స్టార్టవక వసంత చాలాసార్లు ఆలస్యంగా వెళ్లింది. వచ్చే నెల మొదటి శనివారం పొద్దుటి షిఫ్టు మొదలయ్యేసరికి వచ్చి నిలబడితే పని నీకే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను అని ఆమె తేల్చి చెప్పేసింది.

"మమ్, జస్ట్ బై ఎ నార్మల్ కార్," అంది అమృత ఫోనులో.

వసంత కూడా శేషగిరితో అదే అంది. సరిగ్గా అప్పుడే కారుకి ముప్పై నిండింది.

శేషగిరి యూనిలో అకౌంటింగ్ చెబుతాడు. లెక్కల్లో తిరుగులేదు కానీ, ఎక్కడైనా చవక అన్న మాట కనిపిస్తే కిందున్న నిబంధనలు చదవడం మానేస్తాడు. చారిత్రక వాహనంగా నమోదైతే రిజిస్ట్రేషను చవక అని తెలిసిన సాయంత్రమే వెళ్లి 'కొండమీది ఆరు సిలిండర్ల వారసత్వ సంఘం'లో చేరిపోయాడు. ప్రత్యేక నంబరు ప్లేటు వచ్చింది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ గీశాడు. వసంత హారతి పళ్లెం పట్టుకుంది గానీ దణ్ణం పెట్టలేదు.

సంఘం కార్యదర్శి దేవనారాయణ్ ఆ సాయంత్రమే తనిఖీకి వచ్చాడు. ఆయన ఫిజీ మనిషి, అక్కడి గొడవల తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ముత్తాతలు తెలుగువాళ్లు, ఆయనకి మిగిలిన తెలుగు గుప్పెడు మాటలే అయినా, నియమావళి మాత్రం కంఠతా వచ్చు. కుంకుమని చూసి చాలాసేపు ఆలోచించాడు. తయారీనాటికి లేని అలంకారం ఏదైనా వాహనం మీద ఉంటే అది 'మౌలికతా భంగం' కిందికి వస్తుందట. కానీ ఆయన డాష్‌బోర్డు మీద కూడా ఆంజనేయస్వామి ఉన్నాడు కాబట్టి, దైవసంబంధమైన అతుకులని 'తొలగించదగిన భక్తి'గా పరిగణించాలని అప్పటికప్పుడు ఉపనియమం చేశాడు. పైకప్పు పిన్నీసులకి మాత్రం మినహాయింపు దొరకలేదు. వాటిని ఆ కాలపు పిన్నీసులతో మార్చుకోవాలన్నాడు.

ఆ తర్వాత వచ్చింది అసలు నిబంధన. చారిత్రక వాహనాన్ని పనికి వాడరాదు. సంఘం ఆమోదించిన ఊరేగింపులో నడపవచ్చు. లేదా ఇంటి చుట్టుపక్కల కొంత దూరం 'యంత్రారోగ్య విహారం' చేయించవచ్చు. అంటే కారు తిరగవచ్చు, ఎక్కడికైనా వెళ్లకూడదు.

"అంకుల్, మరి నేను డ్యూటీకి ఎలా వెళ్లాలి?" అంది వసంత.

"డ్యూటీ ఈజ్ నాట్ హెరిటేజ్, అమ్మా," అన్నాడు దేవనారాయణ్ ఎంతో మర్యాదగా.

శేషగిరి అధైర్యపడలేదు. విహారానికి అనుమతి ఉన్న హద్దు కొండ కిందున్న పెట్రోలు బంకు దాకా వస్తుందని కొలుచుకున్నాడు. అక్కడిదాకా ఇంజిన్ ఆరోగ్యం కోసం తోలుకెళ్లి వసంతని దింపేవాడు. అక్కణ్ణించి వృద్ధాశ్రమంలోనే పనిచేసే భానుశ్రీ తన చిన్న కారులో ఎక్కించుకునేది. ఆ అమ్మాయి ఖమ్మం నుంచి వచ్చి చదువుకుంటోంది. ఆమె కారుకి చరిత్ర ఏమీ లేదు, తాళం తిప్పగానే స్టార్టవుతుంది. కొన్ని వారాలు వసంత చేతిలో క్యారేజీతో బంకు దగ్గర నిలబడి, తన కారు కొండెక్కి తిరిగి వెళ్లడం చూసేది. అంత ఆరోగ్యంగా కొండెక్కిన కారు తనని అక్కడ ఎందుకు దించిందో బంకులో పిల్లకి చెప్పలేక వాకింగుకి వచ్చానని చెప్పేది. సిగ్గుగా ఉండేది ఆమెకి.

ఆ శనివారానికి భానుశ్రీ ముందురోజు రాత్రి డ్యూటీలో ఉంటుందని తేలింది. ఎక్కించుకోవడానికి ఎవరూ లేరు. టాక్సీ పిలుస్తానంది వసంత.

శేషగిరి అప్పటికే ఇంతకంటే ఘనమైన ఏర్పాటు చేశాడు. సంఘం సమావేశంలో లేచి నిలబడి, వృద్ధాశ్రమంలోని పెద్దవాళ్లకి వాళ్ల యవ్వనకాలపు కార్లు చూపించడం మన సామాజిక బాధ్యత అని మాట్లాడాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. శనివారం తెల్లవారుజామున వృద్ధాశ్రమానికి వారసత్వ ఊరేగింపు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆశ్రమానికి కూడా ఫోను చేసి ఒప్పించారు. వసంత డ్యూటీకి వెళ్లినట్టూ అవుతుంది, కారు రూలు దాటనట్టూ ఉంటుంది. అందరూ నీ కోసమే పొద్దున్నే లేస్తున్నారు, ఇప్పుడు టాక్సీ అంటే ఏం బాగుంటుంది అన్నాడు శేషగిరి. ఆ మాట దగ్గరే వసంత మెత్తబడింది. ఊరివాళ్లు తన కోసం కదులుతున్నారంటే కాదనడం ఆమెకి చేతకాదు.

శనివారం చీకటి ఉండగానే యూనిఫాం వేసుకుని కారెక్కింది. కారు ఒక్క పిలుపుకే లేచింది. అది శుభశకునమని ఆమె నమ్మినందుకు ఆమెని ఎవరూ తప్పు పట్టలేరు.

ఊరేగింపుకి నియమాలున్నాయి. అందరూ వచ్చేదాకా ఎవరూ బయల్దేరరాదు. అందరూ వచ్చాక ఒకరి బానెట్ ఒకరు తెరిచి చూసి అభినందించాలి. వరసలో అన్నిటికంటే పాత కారు ముందుంటుంది, దాన్ని ఎవరూ దాటరాదు. అన్నిటికంటే పాత కారు దేవనారాయణ్‌ది. దాని బ్రేకులు కొండ దిగేటప్పుడు వేడెక్కుతాయి కాబట్టి, వేడెక్కకుండా ఉండడానికి ఆయన దాన్ని దాదాపు దిగనివ్వడు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే ఆయన అవి మెచ్చుకోలు అనుకుని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. లారీవాళ్లు కూడా ఏవో సైగలు చేశారు. సంఘం వాటిని నమోదు చేయలేదు.

కొండ దిగగానే ఉన్న పార్కులో ఊరేగింపు ఆగింది. ఇంజిన్లు చల్లబడాలి. అందాకా టీ తాగాలి. టీతో పాటు సభ్యుల భార్యలు చేసిన స్కోన్లనే బన్నులు తినాలి. తినకపోతే నొచ్చుకుంటారు. వసంత ఒక చేతిలో స్కోను, రెండో చేతిలో ఫోను పట్టుకుని టాక్సీకి చేసింది. టాక్సీలన్నీ పైన టూవూంబాలో ఉన్నాయి, దిగి రావడానికి చాలా టైము పడుతుందన్నారు. షిఫ్టు మొదలు కావడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. ఆశ్రమం అక్కడికి ఎంతో దూరం కాదు. మామూలుగా తోలితే టీ చల్లారేలోపు చేరిపోవచ్చు.

ఆమె మొగుణ్ణి పక్కకి పిలిచింది. "మనం ముందు వెళ్లిపోదామండీ. వాళ్లు వెనకాల నిదానంగా వస్తారు."

"లైను తప్పితే ప్లేటు పీకేస్తారు, వసంతా."

"నా ఉద్యోగం పీకేస్తే?"

శేషగిరి నిజాయితీగా ఆలోచించాడు. ఆ విషయంలో అతన్ని శంకించనక్కర్లేదు. ఆలోచించి, చేతిలోని గుడ్డతో బానెట్ మీద దుమ్ము తుడిచాడు.

"ఉద్యోగాలు ఇంకోటి వస్తయ్యే. ఇట్టాంటి కారు మళ్లీ ఎవడన్నా తయారు చేస్తాడా చెప్పు," అన్నాడు.

వసంతకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ తను సర్దుకుపోతున్నది కారుతో అనుకుంది, మొగుడితోనని ఇప్పుడు తెలిసింది. ఆమె సీటులో కూర్చుని తలుపు గట్టిగా వేసింది. పైకప్పు నుంచి ఒక పిన్నీసు ఊడి ఒళ్లో పడింది. దేవనారాయణ్ దూరం నుంచి చూసి, తలుపులు అలా వెయ్యకూడదనే సంఘం సలహాని సున్నితంగా గుర్తు చేశాడు.

ఊరేగింపు ఆశ్రమం గేటులోకి తిరిగేసరికి బాగా పొద్దెక్కింది. కార్లు చూసి ముసలివాళ్లు పసిపిల్లలైపోయారు. ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని ఒక పెద్దాయన శేషగిరి కారు ముందు సీటుని నిమిరి, తన భార్యని ఇలాంటి సీటు మీదే పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. అది అబద్ధం కాదు, ఆ క్షణం నిజంగా బాగుంది. అలాంటివి అప్పుడప్పుడూ జరుగుతాయి కాబట్టే ఇలాంటి సంఘాలు బతుకుతున్నాయి.

వసంత తిన్నగా లోపలికి వెళ్లింది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన భానుశ్రీ ఇంకా అక్కడే ఉంది, చేతిలో మందుల ట్రేతో.

"నువ్వు రాలేదని నన్నే ఉండమన్నరక్కా," అంది ఆ అమ్మాయి తల దించుకుని. "చాలాసేపు చూసిన్రు. తర్వాత పర్మనెంట్ పని కూడా నన్నే చేసుకోమన్నరు. నేనేమనాలె?"

"చేసుకో," అంది వసంత. "నువ్వు వద్దంటే నాకొస్తదా ఏంటి."

మేనేజరమ్మ ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. వసంత పని గురించి మంచిగా చెప్పింది, మళ్లీ ఖాళీ పడితే గుర్తుంచుకుంటానంది. ఆ తర్వాత, ఎలాగూ యూనిఫాంలో ఉన్నావు కదా, పెద్దవాళ్లని కార్ల దగ్గరికి తీసుకెళ్లడానికి మనుషులు చాలడం లేదు, కొంచెం చెయ్యి వేస్తావా అని అడిగింది. వసంత మధ్యాహ్నం దాకా చక్రాల కుర్చీలు తోసింది. జీతం లేని పని కాబట్టి ఆలస్యం అన్న ప్రశ్న రాలేదు.

తిరుగు ప్రయాణంలో కారు కొండని ఒక్క ఊపులో ఎక్కింది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి కూడా పోలేదు. శేషగిరి చాలాసేపు పట్టలేని ఆనందాన్ని పట్టుకుని కూర్చున్నాడు, భార్య బాధలో ఉందని తెలుసు కాబట్టి. పైకి చేరాక ఇక ఆగలేకపోయాడు.

"ఏదేమైనా, బండి ఎక్కడా ఆగలా, చూశావా."

వసంత చూశానంది. ఇంటికి చేరాక కార్‌పోర్టులోంచి బేసిన్ తీసుకుని లోపలికి పోయింది. ఆయిల్ నేల మీదే కారింది.

ఆ నెలాఖరున సంఘం నివేదిక వచ్చింది. వృద్ధాశ్రమ యాత్ర ఈ ఏడు జరిగినవాటిలో అత్యంత విజయవంతమైనదని కార్యదర్శి అందులో రాశారు. సభ్యులందరూ కలిసికట్టుగా ఒకేసారి చేరినందువల్ల, ఆలస్యంగా వచ్చినవారు ఎవరూ లేరని కూడా రాశారు.